సిబిల్ స్కోరు ఎందుకు పడుతుంది, ఎలా లేస్తుంది: కిస్తీల రికార్డు వెనుక లెక్క

2025లో నిరుద్యోగ యువతకు సబ్సిడీ రుణాలిచ్చే రాజీవ్ యువ వికాసం పథకం దరఖాస్తులు బ్యాంకుల దాకా వెళ్లినప్పుడు సిబిల్ అనే మాట ఉత్తర తెలంగాణ మండల కేంద్రాల్లో అందరి నోటా పడింది. అంతకుముందు హౌసింగ్ లోను పెట్టుకునే ఉద్యోగులు, కారు కొనే వ్యాపారులు మాత్రమే అప్పులు కట్టే తీరును చెప్పే ఆ మూడంకెల సంఖ్య గురించి ఆరా తీసేవాళ్లు. సబ్సిడీతో చిన్న యూనిట్ పెట్టుకుందామనుకున్న పరకాల, నర్సంపేట పిల్లలకు కూడా అప్పుడు అదే ప్రశ్న ఎదురైంది: ఎప్పుడో కిస్తీల మీద కొన్న ఫోన్‌కు రెండు నెలలు కట్టకపోతే ఇప్పుడు లోను రాదా? నాయన పంట రుణం బాకీ ఉంటే అది నా మీద పడుతుందా? జీవితంలో అప్పే చేయనివాడికి స్కోరు ఎందుకు లేదు?

వీటికి జవాబులు ఉన్నాయి. అయితే స్కోరు అంకెను చూస్తే అవి దొరకవు, దాని వెనుకున్న రిపోర్టును చదివితేనే దొరుకుతాయి. స్కోరు పెంచుకోవడం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది అంకె దగ్గరే ఆగిపోతారు. రిపోర్టులో ఏ వరుస మారితే అంకె మారుతుందో తెలిస్తే మాత్రం సగం భయం అక్కడే పోతుంది.

స్కోరు ఇచ్చేదెవరు, ఎవరి మాట మీద ఇస్తారు

సిబిల్ అనేది ఒక కంపెనీ పేరు. 2000లో మొదలై, ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్‌గా నడుస్తోంది. మన దేశంలో ఇలాంటివి మొత్తం నాలుగు ఉన్నాయి. మిగతా మూడు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కింద, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఇవి పనిచేస్తాయి. తొందరగా ముందు వచ్చింది కాబట్టి ఆ ఒక్క కంపెనీ పేరే జనం నోట్లో స్కోరుకు పేరైపోయింది.

ఈ కంపెనీలు అప్పులివ్వవు, లోను మంజూరు చేయవు, ఎవరినీ బ్లాక్‌లిస్టులో పెట్టవు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, క్రెడిట్ కార్డు సంస్థలు పంపించిన వివరాలను ఒక్కచోట పేర్చి, వాటిమీద 300 నుంచి 900 మధ్య ఒక అంకె లెక్కగడతాయి. 750 దాటితే మంచి స్కోరని బ్యాంకుల్లో ఒక వాడుక ఉంది. అంతకు తక్కువైతే లోను ఇవ్వొద్దని రిజర్వు బ్యాంకు ఎక్కడా హద్దు గీయలేదు. ఆ హద్దును ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు పెట్టుకుంటుంది. అందుకే హన్మకొండ నక్కలగుట్టలో ఒక బ్రాంచిలో కాదన్న దరఖాస్తు, నాలుగడుగుల దూరంలో ఉన్న ఇంకో బ్యాంకులో పాస్ కావొచ్చు.

నాలుగు కంపెనీల స్కోర్లు ఒకేలా ఉండవు, ఎవరి సూత్రం వాళ్లది. ఆ సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టరు కూడా. సమయానికి కట్టడానికి ఇంత శాతం, కార్డు వాడకానికి ఇంత శాతం అంటూ కనబడే పట్టికలను ఒక అంచనాగానే తీసుకోవాలి. ఏ అంశాలు లెక్కలోకి వస్తాయో మాత్రం తెలుసు: కిస్తీలు గడువులో కట్టారా, మొత్తం ఎంత బాకీ ఉంది, కార్డు పరిమితిలో ఎంత వాడుతున్నారు, ఖాతాలు ఎంత పాతవి, తాకట్టుతో తీసుకున్న అప్పులెన్ని, తాకట్టు లేనివెన్ని, ఈ మధ్య ఎన్ని చోట్ల లోను అడిగారు.

జీతం ఎంత, సేవింగ్స్ ఖాతాలో ఎంత ఉంది, ఎకరాలెన్ని, ఇల్లు సొంతదా అన్నవి ఈ జాబితాలో ఉండవు. వాటిని బ్యాంకు వేరుగా చూస్తుంది. లక్ష జీతమున్న ఉద్యోగికి 620 ఉండొచ్చు, కుట్టు మిషన్ లోను నెలనెలా కట్టుకొచ్చిన మహిళా సంఘం సభ్యురాలికి 780 ఉండొచ్చు.

రికార్డులోకి ఎక్కని అప్పులు

మన దగ్గర గందరగోళం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. హన్మకొండలో బట్టల దుకాణం నడిపే ఒకాయన పదేళ్లుగా చిట్టీలు కడుతున్నాడనుకుందాం. నెలకు 20,000, ఒక్క నెల తప్పలేదు. చిట్టీ పాడుకుని ఎత్తుకున్న తర్వాత కూడా చివరి కిస్తీ దాకా కట్టాడు. సరుకు తెచ్చే వ్యాపారుల దగ్గర ఆయన మాటకు విలువ ఉంది. ఆయన మొదటిసారి బ్యాంకు లోనుకు వెళ్తే స్క్రీన్ మీద ఏమీ కనబడదు.

కారణం సులువే. చిట్‌ఫండ్ కంపెనీలు 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నడుస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మాదిరిగా క్రెడిట్ కంపెనీలకు నెలనెలా సభ్యుల వివరాలు పంపించే వ్యవస్థలో అవి లేవు. చేబదులు, గిరిగిరి వాళ్ల దగ్గర తెచ్చిన రోజువారీ అప్పు, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి మీద అడ్తిదారు ఇచ్చిన పైసలు, ఊళ్లో ప్రామిసరీ నోటు మీద తెచ్చినవి కూడా అంతే. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చి పువ్వుల్లో పెట్టి కట్టినా స్కోరుకు కలిసిరాదు. ఎగ్గొట్టినా స్కోరు పడదు, కోర్టు కేసు, ఊళ్లో పరువు వేరే సంగతి.

బంగారం మీద బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో తెచ్చిన అప్పు మాత్రం రికార్డుకు ఎక్కుతుంది. మహిళా సంఘాల బ్యాంకు లింకేజీ రుణాలను సభ్యుల వారీగా నమోదు చేయాలని రిజర్వు బ్యాంకు 2016లోనే చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పులు కూడా మనిషి పేరు మీదే ఎక్కుతాయి. సంఘంలో మొత్తం పైసలు కట్టినట్టే అనిపించినా, ఎవరి వాటా ఎవరి పేరు మీద ఎలా రాశారన్నది రిపోర్టులోనే తెలుస్తుంది.

ఫోన్ యాప్‌లో తీసుకున్న 3,000, 5,000 రూపాయల అప్పు ఏం లెక్కలే అనుకునేవాళ్లు చాలామంది. 2022 డిజిటల్ రుణాల మార్గదర్శకాల ప్రకారం రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థలు యాప్ ద్వారా ఇచ్చిన ప్రతి అప్పునూ, ఎంత చిన్నదైనా, ఎన్ని రోజులదైనా నమోదు చేయాలి. 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. 800 రూపాయల బాకీ మరిచిపోయినందుకు రిపోర్టులో ఎర్ర గీత పడటం మన కుర్రవాళ్లలో మామూలైపోయింది.

000 నుంచి 090 దాకా: రిపోర్టులో ఆ చిన్న గళ్లు

రిపోర్టు తెరిస్తే ఒక్కో అప్పు కింద నెలల వారీగా చిన్న చిన్న గళ్లు కనబడతాయి. సిబిల్ రిపోర్టులో గరిష్ఠంగా 36 నెలల గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో మూడంకెలు. ఆ నెల లెక్క వేసేనాటికి కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె చెబుతుంది. దాన్నే డీపీడీ అంటారు. 000 అంటే బాకీ లేదు. కొన్నిచోట్ల స్టాండర్డ్ అన్న అర్థంలో ఎస్‌టీడీ అని ఉంటుంది. ఎక్స్ గుర్తులు మూడు ఉంటే ఆ నెల వివరం బ్యాంకు పంపలేదని అర్థం, అందులో మన తప్పేమీ లేదు.

ఒక బైక్ లోను తీసుకుందాం. కిస్తీ 3,200, ప్రతి నెలా 5వ తేదీ. జనవరిలో ఖాతాలో పైసలు లేక ఆటో డెబిట్ ఫెయిలైంది. ఆ కిస్తీ ఫిబ్రవరి 20న కట్టారు, ఫిబ్రవరి కిస్తీ కూడా అదే రోజు కట్టారు. జనవరి ఆఖరుకు ఆలస్యం 26 రోజులు, కాబట్టి జనవరి గడిలో 026. ఫిబ్రవరి ఆఖరుకు బాకీ లేదు, అక్కడ 000. ఇదే మనిషి జనవరి కిస్తీ కట్టకుండా, ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా సరిగ్గా ఒక కిస్తీ కడుతూ పోయాడనుకోండి. కట్టిన పైసలు ముందు పాత కిస్తీకే జమవుతాయి, కాబట్టి ఒక కిస్తీ ఎప్పుడూ వెనకే ఉంటుంది. నెలనెలా 020, 030 దగ్గర్లో అంకెలు పడుతూనే ఉంటాయి. 'ప్రతి నెలా కడుతూనే ఉన్నా, స్కోరు ఎందుకు లేవడం లేదు' అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. మూలన పడ్డ ఆ ఒక్క కిస్తీ 3,200 తీరితే ఆ తర్వాతి గళ్లన్నీ 000కి వస్తాయి.

30 రోజుల్లోపు ఆలస్యానికీ, 60, 90 దాటిన ఆలస్యానికీ బ్యాంకు దృష్టిలో చాలా తేడా ఉంది. 90 రోజులు దాటితే మామూలు లోను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆ ముద్ర పడ్డాక కోలుకోవడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. ఒక ఓదార్పు ఏమిటంటే పాత ఆలస్యం కంటే కొత్త ఆలస్యం బరువు ఎక్కువ. వరుసగా 000లు పడుతున్న కొద్దీ ఆ పాత 026 లోపలికి జరిగిపోతూ, బలం తగ్గుతుంది.

ఇంతకుముందు ఈ వివరాలు నెలకోసారి వెళ్లేవి. 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. లోను తీరిన సంగతి తొందరగా ఎక్కుతుంది. కిస్తీ తప్పిన సంగతి కూడా అంతే తొందరగా ఎక్కుతుంది.

కార్డు బిల్లు పూర్తిగా కడుతున్నా స్కోరు ఎందుకు కదలదు

కాజీపేట రైల్వే ఉద్యోగికి 50,000 పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు ఉంది. కిరాణం, పెట్రోలు, పిల్లల ఫీజు అన్నీ దానిమీదే. నెలకు 42,000 వాడతాడు, గడువుకు ముందే మొత్తం కట్టేస్తాడు. ఒక్క రూపాయి మిత్తి పడదు. అయినా రిపోర్టులో ఆయన పరిమితిలో 84 శాతం వాడుతున్నట్టు కనబడుతుంది. బిల్లు తయారైన రోజు ఎంత బాకీ ఉందో సాధారణంగా ఆ అంకే వెళ్తుంది, ఆ తర్వాత మూడు వారాలకు మీరు కట్టింది వెళ్లదు. బిల్లు తయారయ్యే ముందే 30,000 కట్టేస్తే మిగిలేది 12,000, అంటే 24 శాతం. ఖర్చు అంతే, కట్టింది అంతే, రికార్డులో బొమ్మ వేరు. 30 శాతం లోపు ఉంటే మంచిదని చెప్పే లెక్క వాడుకలో వచ్చిందే తప్ప చట్టమేమీ కాదు.

కార్డులెక్కువైతే ప్రమాదమని పాతది రద్దు చేసుకునేవాళ్లున్నారు. 60,000 పరిమితి కార్డు ఒకటి, 40,000ది ఒకటి ఉండి, మొత్తం వాడకం 25,000 అయితే 25 శాతం. పెద్ద కార్డు రద్దు చేసుకుంటే అదే 25,000 ఇప్పుడు 62.5 శాతం అవుతుంది. చేతిలో కార్డుంటే ఖర్చు ఆగదనే వాళ్లు రద్దు చేసుకోవడంలో తప్పు లేదు. స్కోరు కంటే ఇంటి బడ్జెట్ పెద్దది.

మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 40,000 బిల్లులో 2,000 కడితే ఆలస్యం గుర్తు పడదు, 000 అనే ఉంటుంది. కానీ మిగిలిన బాకీ మీద నెలకు 3.5 శాతం మిత్తి వేసే కార్డయితే దగ్గరదగ్గర 1,330, దాని మీద జీఎస్టీ మరో 240. కట్టిన 2,000లో అసలు నుంచి తగ్గింది 430 రూపాయలు. కొత్తగా వాడినదానికి కూడా మొదటి రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. ఏడాది ఇలా నడిస్తే డీపీడీ గళ్లు శుభ్రంగా ఉంటాయి, వాడకం శాతం మాత్రం పైనే ఉండి స్కోరును కిందికి లాగుతుంది.

పంట రుణం, మాఫీ, మధ్యలో ఆగిపోయిన నెలలు

రైతుల ప్రశ్న వేరే తీరుగా ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల దాకా పంట రుణానికి మిత్తి 7 శాతం. ఏడాదిలోపు కట్టి రెన్యువల్ చేయించుకుంటే కేంద్రం 3 శాతం తగ్గింపు ఇస్తుంది, చేతి నుంచి పడేది 4 శాతం. లక్షన్నర అప్పుకు ఏడాది మిత్తి 10,500 బదులు 6,000.

తెలంగాణ ప్రభుత్వం 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య ఉన్న పంట రుణాలను కుటుంబానికి 2 లక్షల దాకా మాఫీ చేస్తామంది. 2024 జులై 18న లక్ష లోపు, జులై 30న లక్షన్నర లోపు, ఆగస్టు 15న 2 లక్షల లోపు వారికి విడుదల చేసింది. 2 లక్షలకు పైన ఉన్నవాళ్లు మొదట పైమొత్తం కట్టాలన్నది షరతు. మాఫీ వస్తుందన్న మాట వినగానే రెన్యువల్ ఆపేసిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం, కడితే జాబితాలో పేరు పోతుందేమోనన్న భయం నిజమైనదే.

అయితే మాఫీ ప్రకటన బ్యాంకు పుస్తకంలో గడువును ఆపదు. ప్రకటనకూ, ఖాతాలో పైసలు పడ్డ రోజుకూ మధ్య నెలల్లో రుణం గడువు దాటితే, బ్యాంకు దాన్ని అలాగే నమోదు చేయొచ్చు. పంట రుణానికి ఎన్‌పీఏ లెక్క 90 రోజులు కాదు. తక్కువ కాలం పంటలకైతే గడువు దాటాక రెండు పంట కాలాలు, దీర్ఘకాల పంటలకైతే ఒక పంట కాలం. కాబట్టి ఒక సీజన్ ఆలస్యమైనంత మాత్రాన ఆ ఖాతా చెడిపోదు. ప్రభుత్వం మొత్తం బాకీ కట్టి, ఖాతా సున్నాకు వస్తే, అది బ్యాంకు నష్టపోయి వదులుకున్న సెటిల్‌మెంట్ కిందికి రాదు. పాత నెలల గళ్లలో ఆలస్యం పడి ఉంటే మాత్రం అది మాఫీతో చెరిగిపోదు.

ఇంకో సంగతి ఈ ప్రాంతానికే ప్రత్యేకం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. వరంగల్ కేంద్రంగా నడిచిన ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు మారినచోట పాత ఖాతా ఒకటి, కొత్త ఖాతా ఒకటి రెండూ బాకీ ఉన్నట్టు కనబడుతున్నాయా అన్నది రిపోర్టులో చూడదగ్గ మొదటి విషయం.

సంతకం మనది, కిస్తీ వేరేవాళ్లది

భూపాలపల్లిలో, గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగిని షూరిటీ సంతకం అడగని బంధువు ఉండడు. జీతం ఖాయం కాబట్టి బ్యాంకు కూడా ఒప్పుకుంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఆ లోను షూరిటీ రిపోర్టులో కూడా కనబడుతుంది. బామ్మర్ది ట్రాక్టర్ కిస్తీ ఆపితే, ఆ మరక ఇద్దరి మీదా పడుతుంది.

మరీ ఎక్కువగా వినబడుతున్నది విద్యా రుణం బాధ. కొడుకు ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాడు. లోనులో తండ్రి కో-అప్లికెంట్. చాలా విద్యా రుణాల్లో చదువు అయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు. ఆ గడువు ముగిసేనాటికి కొడుక్కు ఉద్యోగం దొరకలేదు. కో-అప్లికెంట్ అంటే సాక్షి సంతకం కాదు, సగం కాదు, పూర్తి బాకీదారు. హన్మకొండలో ఉన్న రిటైర్డ్ టీచరు రిపోర్టులో 030, 060 పడటం మొదలవుతుంది. కూతురి పెళ్లికి పర్సనల్ లోను అడగబోతే అప్పుడు తెలుస్తుంది. ఇలాంటప్పుడు కిస్తీ తప్పకముందే బ్యాంకుతో మాట్లాడి గడువు పెంచుకున్న ఖాతాకూ, తప్పాక మాట్లాడిన ఖాతాకూ రికార్డులో చాలా తేడా ఉంటుంది.

నాయన బాకీ కొడుకు స్కోరు మీద పడుతుందా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కొడుకు సంతకం లేకపోతే పడదు. రికార్డు పాన్ కార్డు, ఇతర గుర్తింపుల ఆధారంగా మనిషి పేరున ఉంటుంది, ఇంటి పేరున ఉండదు.

సెటిల్‌మెంట్: తీరినట్టా, తీరనట్టా

పర్సనల్ లోను బాకీ 1,20,000. ఏడాదిగా కట్టలేదు. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి 70,000 ఇస్తే ఫైలు మూసేస్తామంటాడు. కట్టారు, ఫోన్లు ఆగాయి. రిపోర్టులో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని మారుతుంది. బ్యాంకు 50,000 వదులుకుందని తర్వాత చూసే ప్రతి బ్యాంకుకూ అది చెబుతూనే ఉంటుంది. 'రిటెన్ ఆఫ్' అని ఉంటే ఇంకా కష్టం. అది మాఫీ అని చాలామంది పొరబడతారు. బ్యాంకు తన లెక్కల్లోంచి తీసి పక్కన పెట్టింది తప్ప, బాకీ అలాగే ఉంటుంది.

సెటిల్‌మెంట్ అసలే వద్దని కొందరు సలహాదారులు గట్టిగా చెబుతారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఉద్యోగం పోయి, ఇంట్లో జబ్బు మనిషి ఉండి, మిత్తి మీద మిత్తి పెరుగుతున్న కుటుంబానికి రెండు, మూడేళ్ల తర్వాత వచ్చే స్కోరు కంటే ఇప్పటి ఊపిరి ముఖ్యం. ఆ ముద్ర పడుతుందని తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు. తర్వాత స్తోమత వచ్చినప్పుడు మిగిలిన 50,000 కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, 'క్లోజ్డ్'గా మార్చమని బ్యాంకును అడిగే దారి కూడా ఉంది.

షోరూంలో ఒక్క సంతకం, నాలుగు ఎంక్వైరీలు

దసరా ముందు బైక్ షోరూంకు వెళ్తే, ఫైనాన్స్ టేబుల్ దగ్గర కుర్రాడు పాన్, ఆధార్ తీసుకుని ఏది త్వరగా పాసైతే అది అంటూ మూడు, నాలుగు కంపెనీలకు ఒకేసారి పెట్టేస్తాడు. ఒక్కో కంపెనీ చూసిన ప్రతిసారీ రిపోర్టులో ఒక ఎంక్వైరీ నమోదవుతుంది. కొద్ది రోజుల్లో ఎక్కువ ఉంటే ఈ మనిషికి అప్పు అవసరం అత్యవసరంగా ఉందని లెక్కలో పడుతుంది. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు, ఎన్నిసార్లయినా సరే.

స్కోరే లేనివాళ్ల సంగతి

అప్పు చేయకపోవడమే గొప్ప అనుకుంటూ పెరిగిన తరం మనది. అలాంటివాళ్లకు రికార్డే ఉండదు కాబట్టి స్కోరు స్థానంలో చరిత్ర లేదని సూచించే గుర్తు మాత్రమే వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు చెబుతున్నాయని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌధరి లోక్‌సభలో చెప్పారు. బ్యాంకు ఇతర ఆధారాలు చూసి కాదనే హక్కు అలాగే ఉంటుంది. పైన చెప్పిన బట్టల దుకాణం ఆయనకు రికార్డు మొదలుపెట్టే దారులు చిన్నవే: ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు, బంగారం మీద చిన్న లోను. కొన్ని నెలల 000లు పడితే స్కోరు పుడుతుంది.

ఇది న్యాయమేనా

బ్యాంకుల వాదనలో బలముంది. ఒకప్పుడు లోను రావాలంటే మేనేజరుకు తెలిసినవాళ్లై ఉండాలి, లేదా సర్పంచి మాట కావాలి. ఆస్తి లేని మనిషికి, పలుకుబడి లేని మహిళకు తన కిస్తీలే సాక్ష్యంగా నిలబడే అవకాశం ఈ రికార్డు ఇచ్చింది. స్కోరును బట్టి మిత్తి కూడా మారుతోంది. 25 లక్షల హౌసింగ్ లోను 20 ఏళ్లకు 8.5 శాతం మీద నెలకు 21,696. 9.25 శాతం మీద 22,897. నెలకు 1,201 తేడా, మొత్తం కాలానికి దాదాపు 2 లక్షల 88 వేలు.

ఎదుటి వాదన కూడా వినాలి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఆ నెల కిస్తీ తప్పినవాడికీ, పైసలుండి ఎగ్గొట్టినవాడికీ గడిలో పడే అంకె ఒకటే. ప్రకృతి విపత్తుల్లో రుణాల గడువు మార్చే మార్గదర్శకాలున్నా, బ్యాంకు దాకా వెళ్లి ఆ మార్పు చేయించుకున్నవాళ్లకే అవి పనికొస్తాయి. భూమి పట్టా లేని కౌలు రైతు పెట్టుబడి ఎక్కువగా బయటి మిత్తి మీదే నడుస్తుంది, ఆయన నిజాయితీకి రికార్డులో చోటే లేదు.

కోర్టుల్లోనూ రెండు తీర్లు కనబడుతున్నాయి. విద్యార్థి స్కోరు తక్కువుందన్న ఒక్క కారణంతో విద్యా రుణం కాదనకూడదని 2023లో కేరళ హైకోర్టు అంది. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైన ఒక వ్యక్తి నియామకాన్ని రుణ చరిత్ర బాగోలేదని బ్యాంకు రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు వైపే నిలిచింది. హన్మకొండ కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ఈ రెండో తీర్పు తెలియాలి. హాస్టల్ రోజుల్లో తీసుకున్న యాప్ అప్పు, పరీక్ష పాసయ్యాక అడ్డం రావొచ్చు.

నా మటుకు, రికార్డు ఉండటంలో అన్యాయం లేదు. రికార్డుకు ఎక్కని మంచిని లేనట్టే లెక్కగట్టడంలోనే అన్యాయం ఉంది.

తప్పు పడితే, లేదా 'స్కోరు పెంచుతాం' అని ఎవరైనా వస్తే

ఐదు వేలిస్తే నెలలో 800 చేస్తామనే ఏజెంట్లు ఊరూరా తయారయ్యారు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని రికార్డు నుంచి తీయించే అధికారం ఎవరికీ లేదు. తప్పుగా పడ్డదాన్ని సరిచేయించడానికి ఏజెంటు అక్కర్లేదు, అది ఉచితం.

నాలుగు కంపెనీలూ ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో తీరిన లోను ఇంకా బాకీ ఉన్నట్టు, పేరు కలిసిన ఇంకొకరి అప్పు మన కింద ఉన్నట్టు కనబడితే కంపెనీ వెబ్‌సైట్లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 2024 ఏప్రిల్ 26 నుంచి అమలైన నిబంధన ప్రకారం 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. జూన్ 1న పెట్టిన ఫిర్యాదు జులై 20న తేలితే, జులై 1తో 30 రోజులు ముగిశాయి కాబట్టి 19 రోజులకు 1,900 రూపాయలు. బ్యాంకు 21 రోజుల్లో సరైన వివరం పంపకపోతే పరిహారం బ్యాంకు మీద, బ్యాంకు పంపినా కంపెనీ సరిచేయకపోతే కంపెనీ మీద పడుతుంది. అక్కడా తేలకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ క్రెడిట్ కంపెనీల మీద ఫిర్యాదులు కూడా ఆ వ్యవస్థ పరిధిలోకి వచ్చాయి. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినట్టు ఆధారం మాత్రం చేతిలో ఉండాలి.